మార్గరెట్‌ను వెతుక్కుంటూ వచ్చిన దొర

మేం చదువుకున్న కాలంలో ఇంగ్లీషు చూసే భాషే గానీ వినే భాష కాదు. నేను విశాఖపట్నంలో ఎమ్మే ఇంగ్లీషు చదివాను. మా మాస్టార్లు ఇంగ్లీషు నాటకాలను శుభ్రంగా తెలుగులో చెప్పేవారు. మేము వాటినే గైడుల్లోంచి ఇంగ్లీషులో బట్టీపట్టి, పరీక్షల్లో దించేసి, సెలవులకు ఇంటికి పోయేవాళ్ళం. ఆ భాష మాట్లాడే మనిషి నోటి నుంచి ఒక్క ముక్కయినా నా చెవిన పడకుండానే పట్టా మాత్రం నా చేతిలో పడింది. మా నాన్నకు ఈ సంగతి తెలియదు. కొబ్బరికాయల బేరానికి ఎవరు వచ్చినా, కాయ సైజు గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి "మా అమ్మాయి ఇంగ్లీషులో ఎమ్మే అండీ" అనేవారు. (ఆ మాట బేరం మధ్యలో ఎందుకొచ్చిందో అర్థంకాక వచ్చినవాళ్ళు కాసేపు తికమకపడి, చివరికి నాన్న చెప్పిన ధరకే ఒప్పుకునేవారని మా అమ్మ అంటుండేది.) నేను గడప పక్కన నిలబడి, నిజంగానే ఏదో సాధించినదానిలా ముఖం పెట్టేదాన్ని.

తొంభైల మధ్యలో ముమ్మిడివరంలో ఒక ఇంగ్లీషు మీడియం కాన్వెంటులో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ కాన్వెంటు పెట్టిన కరస్పాండెంట్ గారు రొయ్యల చెరువుల్లో కలిసిరాక చదువుల్లోకి దిగిన పెద్దమనిషి. పిల్లలకు టై కడితే ఇంగ్లీషు దానంతటదే వస్తుందని ఆయన గట్టి నమ్మకం. మిగిలింది చూసుకోడానికి నన్ను పెట్టుకున్నారు. ఊళ్ళో ఎవరికి ఏ కోర్టు కాగితం వచ్చినా, మందు సీసా మీద అక్షరాలు అర్థంకాకపోయినా మా కాన్వెంటుకు వచ్చేవారు, ఆయన నన్ను పిలిచేవారు, నేను చదివి చెప్పేదాన్ని. కాగితమైతే నాకు భయం లేదు. కాగితం ఆగుతుంది. ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు.

ఒక శనివారం, ఒంటిపూట బడి వదిలే వేళకు, గేటు ముందు ఒక ఆటో ఆగింది. దాని వెనక రెండు సైకిళ్ళు, వాటి వెనక పరిగెత్తుకుంటూ రేవు దగ్గర కాఫీ హోటలు కుర్రాళ్ళు. ఆటోలోంచి పొడుగాటి తెల్లజాతి ముసలాయన దిగాడు. ముఖం ఉడికించిన చిలగడదుంప రంగులో ఉంది, చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది, నెత్తిన టోపీ, మెళ్ళో కెమెరా, భుజాన సంచీ, చేతిలో గొడుగు. ఆటో డ్రైవరు లోపలికి వచ్చి, "పొద్దున్న కాకినాడ వైపు నుంచి లాంచిలో దిగేరండీ. అప్పట్నుంచీ రేవులో అందర్నీ ఏదో అడుగుతున్నారు గానీ ఒక్కరికీ అర్థం కావట్లేదు. ఇంగ్లీషు తెలిసినోళ్ళు మీ కాన్వెంటులో ఉన్నారని తీసుకొచ్చేనండీ" అన్నాడు.

కరస్పాండెంట్ గారు తెల్లమనిషిని చూడగానే కుర్చీలోంచి లేచి, ఒక్క "గుడ్ మార్నింగ్" చెప్పి (అప్పటికి మధ్యాహ్నమైంది), తిన్నగా నా వెనక్కి వచ్చి నిలబడ్డారు. "మాట్లాడమ్మా, మాట్లాడు. నువ్వున్నావనేగా నా ధైర్యం" అన్నారు.

ముసలాయన మాట్లాడాడు. ఏం మాట్లాడాడో ఆ దేవుడికే తెలియాలి. నాకు తెలిసిన ఇంగ్లీషులో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది. ఆయన ఇంగ్లీషులో ఆ ఖాళీలు లేవు. ‘ర’ అనే అక్షరం ఆయన నోట్లో మన బండి ‘ఱ’లా దొర్లుకుంటూ పోయేది. అది దొర్లడం ఆగేసరికి వాక్యం అయిపోయేది. నేను "పార్డన్ సర్" అన్నాను. ఆయన అదే మళ్ళీ గట్టిగా చెప్పాడు. గట్టిగా చెప్తే అర్థమవుతుందని ఆయనా అనుకున్నాడు, పాపం. ఎంతసేపు విన్నా నా చెవిలో నిలిచినవి ‘గోదావరి’, ‘మై ఫాదర్’, ‘షీ’, ‘మార్గరెట్’, అంతే. స్కాట్లండు నుంచి వచ్చానని మాత్రం సంచీ మీద అంటించిన కాగితం చూపించాడు. చూపించింది కాగితం కాబట్టి అది నాకు వెంటనే అర్థమైంది.

మాటకు ముందు ఒకసారి, మాటకు తర్వాత ఒకసారి ఆయన నన్ను చూసి ‘లస్సీ’ అంటున్నాడు. ఎండన పడి వచ్చిన మనిషి, దాహంగా ఉందేమోనని నేను కరస్పాండెంట్ గారితో చెప్పాను. లస్సీ మా దగ్గర ఎక్కడ దొరుకుతుంది? ఆయన ఎదురింటి నుంచి గ్లాసు మజ్జిగ తెప్పించారు. ముసలాయన ఆశ్చర్యపోయి, సంతోషంగా తాగి, "థాంక్యూ లస్సీ" అన్నాడు. ఇంకో గ్లాసు వచ్చింది. అది తాగి మళ్ళీ అదే మాట అన్నాడు. ఎదురింటావిడ మజ్జిగ కుండ ఖాళీ అయ్యాక గానీ ఈ దాహం తీరే దాహం కాదని మాకు అనుమానం రాలేదు. (వాళ్ళ దేశంలో ఆడపిల్లను ముద్దుగా అలా పిలుస్తారని నాకు ఆ సాయంత్రం తెలిసింది. పిల్లా, పిల్లా అని ఆయన పిలుస్తుంటే మేం ఆయనకు మజ్జిగ పోస్తూ కూర్చున్నాం.)

"మార్గరెట్ అనే ఆవిడ కోసం వచ్చారా సర్?" అని నేను నా పుస్తకాల ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడదీసి అడిగాను. ఆయన ముఖం విప్పారింది. తల ఊపి "ఆయ్!" అన్నాడు.

అంతవరకూ గేటు పట్టుకుని చూస్తున్న జనం ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. "దొరగారు ఆయ్ అన్నారండోయ్!" అన్నాడు ఆటో డ్రైవరు. ఎవరో నమ్మక, "గోదారి చూసేరాండీ?" అని తెలుగులోనే అడిగారు. గోదావరి మాట వినబడగానే ఆయన మళ్ళీ "ఆయ్" అన్నాడు. స్కాట్లండులో కూడా ఔనంటానికి అదే మాటట. ఆ సంగతి మాకేం తెలుసు? ఈయన ఎలా చూసినా మనవైపు మనిషేనని, పూర్వం ఎప్పుడో మనవాళ్ళెవరో అటు వెళ్ళి ఉంటారని అక్కడికక్కడే తేలిపోయింది.

మార్గరెట్ ఎవరన్నది తేలడానికి అంతసేపు కూడా పట్టలేదు. మా ఊరి చుట్టుపక్కల మార్గరెట్ అంటే ఒక్కరే. మిషన్ బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మార్గరెట్టు టీచరు గారు. పెళ్ళి చేసుకోలేదు, చర్చి వీధిలో పెంకుటింట్లో ఒక్కరే ఉంటారు. ఆవిడ దగ్గర చదువుకోనివాళ్ళు ఆ ప్రాంతంలో తక్కువ, ఆవిడ చేత బెత్తం దెబ్బ తిననివాళ్ళు ఇంకా తక్కువ. కరస్పాండెంట్ గారు నా చెవి దగ్గరకు వంగి, "ఆవిడ రంగు ఎప్పుడైనా చూసేవా? నాకు చిన్నప్పటి నుంచీ అనుమానమే. ఈయన ఫాదరు, ఆవిడ ఫాదరు అన్నదమ్ములై ఉంటారు" అన్నారు. నాకు లభించిన నాలుగు మాటలనూ ఆ కథలో పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయాయి. ఇక అనుమానమేముంది?

ఈలోగా, "మీ అమ్మాయి దొరతో మాట్లాడేస్తందండీ" అని ఎవరో కబురు చేస్తే మా నాన్న మోపెడ్ మీద వచ్చి పడ్డారు. నన్నూ దొరనూ పక్కపక్కన చూసి ఆయనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూశాక, "నాన్నా, ఈయన మాట నాకు అర్థం కావడం లేదు" అనే వాక్యం నా గొంతు దాకా వచ్చి మళ్ళీ కిందకు దిగిపోయింది. దొర ఆటోలో, నేను ఆయన పక్కన, నాన్న మోపెడ్ మీద, కరస్పాండెంట్ గారు నాన్న వెనక, సైకిళ్ళవాళ్ళు మా వెనక, అందరం ఊరేగింపులా చర్చి వీధికి బయలుదేరాం.

టీచరు గారు వరండాలో బల్ల మీద కూర్చుని ట్యూషను పిల్లల పలకలు దిద్దుతున్నారు. తెల్ల చీర, మందపాటి కళ్ళద్దాలు. మా నాన్న గేటు దగ్గరే భుజం మీది తుండు తీసి చేత్తో పట్టుకున్నారు. కరస్పాండెంట్ గారు నోట్లో కిళ్ళీ ఊసేసి వచ్చారు. నేను ముందుకెళ్ళి, "టీచరు గారూ, మీ బంధువులు స్కాట్లండు నుంచి మీకోసం వచ్చేరండీ" అన్నాను.

"నాకు స్కాట్లండులో బంధువులెవరమ్మా? మా చుట్టాలంతా రాజోలు, శివకోడు" అన్నారు ఆవిడ. అయినా వచ్చిన మనిషిని నిలబెట్టే అలవాటు లేదు కాబట్టి కుర్చీ వేయించి, కొబ్బరి బొండం కొట్టించి, "ఏమిటో కనుక్కో. నాకు చెవి సరిగ్గా వినబడదు, నువ్వే నాకు తెలుగులో చెప్పు" అన్నారు.

నేను దుబాసీనయ్యాను. దొర ఆత్రంగా ఏదో అడిగాడు. నాకు ‘వర్కింగ్’ అన్నది దొరికింది. "ఇంకా పని చేస్తున్నారా అని అడుగుతున్నారండీ." "రిటైరయ్యి చాన్నాళ్ళయిందని చెప్పు." చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. అప్పుడు నెమ్మదిగా, చాలా బెంగగా ఇంకోటి అడిగాడు. అందులో ‘బ్రోకెన్’ ఉంది. "మీకు ఎక్కడైనా విరిగిందా అంటున్నారండీ." టీచరు గారు కళ్ళద్దాలు సర్దుకుని ఆయన్ని తేరిపార చూశారు. "పోయినేడు బావి దగ్గర జారిపడితే మణికట్టు విరిగింది. ఆ సంగతి స్కాట్లండు దాకా ఎలా వెళ్ళింది?" అన్నారు. నేను ‘ఎస్ సర్, బ్రోకెన్, లాస్ట్ ఇయర్’ అన్నాను. ఆయన రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. చుట్టూ ఉన్న జనం, "చూసేరా, చెల్లెలంటే ఎంత ప్రేమో" అని చీర చెంగులతో కళ్ళు ఒత్తుకున్నారు.

కాసేపటికి ఆయన తేరుకుని, బతిమాలుతున్నట్టు, "హర్ ప్లేట్స్" అన్నాడు. ఆ ముక్క స్పష్టంగా వినబడింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. "మీ ప్లేట్లు చూడాలనుందటండీ!" అన్నాను. ఇదేం కోరిక అన్నట్టు టీచరు గారు నన్ను చూశారు గానీ, లోపలికి వెళ్ళి, పండక్కి తప్ప తీయని పింగాణీ ప్లేట్లు తుడిచి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టారు. ఆయన పైదాన్ని చూశాడు. బోర్లించి చూశాడు. నన్ను చూశాడు, టీచరు గారిని చూశాడు. మళ్ళీ ప్లేటును చూశాడు. అప్పుడు, నన్ను కలిశాక మొదటిసారి, ఆయనకు నా మీద అనుమానం వచ్చింది.

ప్లేట్లను జాగ్రత్తగా కింద పెట్టి లేచి, వరండాలో ట్యూషను పిల్లల కోసం గోడకు వేలాడదీసిన నల్లబల్ల దగ్గరకు వెళ్ళాడు. ‘మే ఐ?’ అన్నట్టు టీచరు గారి వైపు చూసి, సుద్దముక్క తీసుకుని గీయడం మొదలుపెట్టాడు. పొడవాటి ఒక గీత. దాని మీద ఇంకో గీత. మధ్యలో నిలువుగా ఒక గొట్టం, దాని నుంచి పొగ. కింద నీళ్ళు. ముందు భాగం మీద పెద్ద అక్షరాలతో రాశాడు, మార్గరెట్ అని.

"అంటే ఈయన వచ్చింది... బోటు కోసమాండీ?" అన్నాడు ఆటో డ్రైవరు.

ఇంగ్లీషువాళ్ళు ఓడను ఆడమనిషిలా ‘ఆమె’ అంటారని నాకు తెలియక కాదు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు రాశాను కూడా. కానీ ఆ రెండు మార్కులూ ఆ వేళ నాకు గుర్తు రాలేదు. బోటు ఇంకా పని చేస్తోందా, దాన్ని విరిచి ఇనుముకు అమ్మేశారా, దాని అడుగున ఉండే ఇనప రేకులు చూపించగలరా అని ఆ పెద్దాయన అడుగుతుంటే నేనేం చెప్పానో తలుచుకుంటే, వరండా మెట్లు చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. నాన్న వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. కరస్పాండెంట్ గారు ఎవరూ అడక్కుండానే, "నాకు మొదట్నుంచీ అనుమానమేనండీ" అనేశారు.

టీచరు గారు మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. నల్లబల్ల దగ్గరకు వచ్చి, సుద్దతో రాసిన పేరు మీద, చెరిగిపోకుండా, వేలు ఆనీ ఆనకుండా పెట్టారు.

"ఇది నా పేరే. కానీ ముందు ఈ బోటుది. దాన్నుంచి నాకొచ్చింది" అన్నారు.

ఆవిడ చెప్పింది ఇది. ఆవిడ తండ్రి అవతలి లంకలో వ్యవసాయ కూలీ. తల్లికి నెలలు నిండేసరికి గోదావరికి వరద వచ్చింది. పడవలు వెళ్ళలేకపోతే, కాలవల డిపార్టుమెంటు వాళ్ళ పొగబోటు లంకల్లోంచి జనాన్ని తీసుకురావడానికి వచ్చింది. ఆసుపత్రికి చేరుద్దామని ఆవిడ తల్లిని ఎక్కించారు. ఆసుపత్రి దాకా ఆగలేదు, నది మధ్యలోనే, బోటు మీదే కాన్పయింది. "వేడినీళ్ళకి లోటు లేకపోయిందట. బాయిలరు నిండా ఉన్నాయి కదా" అని ఆవిడ నవ్వారు. బోటు మీద ఏం పేరుందో అడిగి తెలుసుకుని తండ్రి ఆ పేరే పెట్టాడు. "మా నాన్నకి అక్షరం ముక్క రాదు. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు రేవుకి తీసుకెళ్ళి, ఆ అక్షరాలు చూపించి చదవమన్నాడు. చదివేను. ఆయన రేవులో అందర్నీ పిలిచి చెప్పేడు" అన్నారు. మా నాన్న చేతిలో తుండును గట్టిగా మెలిపెడుతూ నిలబడ్డారు.

నేను అదంతా దొరకు చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు. వ్యాకరణం సంగతి చూసుకోలేదు, చేతులూ కాళ్ళూ వాడాను, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చూపించాను, బోటులా ఊగాను. ఆయనకు ప్రతి ముక్కా అర్థమైంది. ఆయన టోపీ తీసేసి టీచరు గారికి తల వంచాడు. ఆ తర్వాత, నెమ్మదిగా, పిల్లలకు చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి, "ఆ బోటు ఇప్పుడెక్కడుంది?" అని అడిగాడు. ఆ వేగంలో మాట్లాడితే నాకూ అంతా అర్థమైంది. ఇద్దరం ఈ పని కాన్వెంటులోనే చేసుంటే ఎదురింటావిడ మజ్జిగ మిగిలేది.

టీచరు గారు తెలుగులో, మామూలుగా, కూరగాయల మార్కెట్టు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పారు. "ఎక్కడుంటుంది? మన రేవులోనే. పొగగొట్టం తీసేసి డీజిలు ఇంజను పెట్టేరు, పైన రేకు కప్పేరు, వెంకటేశ్వరస్వామి పేరు రాయించేరు. అడుగు మాత్రం అదే. పొద్దున్న ఈయన వచ్చింది దాని మీదే కదా?"

"సర్," అన్నాను నేను. "యూ కేమ్ ఆన్ మార్గరెట్."

ఆయన మొదట నమ్మలేదు. నాతో అప్పటిదాకా పడ్డ అనుభవం అలాంటిది మరి. నమ్మాక మాత్రం గొడుగు కూడా మరిచిపోయి ఆటోలోకి దూకాడు. సాయంత్రం ఆయన సామర్లకోటలో రైలు ఎక్కాలి. టీచరు గారు చెప్పులు వేసుకుని, "నేనూ వస్తాను" అన్నారు. మణికట్టు విరిగినప్పటి నుంచీ ఆవిడ వీధి దాటలేదట.

మేం రేవుకు చేరేసరికి లాంచి ఒడ్డున లేదు. నది మధ్యలో ఆగి ఉంది. లాంచి నడిపే సరంగుకు (ఆయన మా అమ్మవైపు చుట్టం, నేను మావయ్యా అంటాను) మాకంటే ముందే కబురు అందింది. ‘ఎవడో పెద్ద దొర నీ లాంచి కోసం జనాన్నేసుకుని వస్తున్నాడు’ అని. పోర్టు నుంచి తనిఖీకి వచ్చారనీ, లాంచిని పనికిరాదని రాసేసి పట్టుకుపోతారనీ అనుకుని, ఉన్న నలుగురు ప్యాసింజర్లతో సహా నడినదికి తీసుకెళ్ళి లంగరు వేసి కూర్చున్నాడు. ఎంత పిలిచినా, "లాంచి రిపేరండీ! రాదండీ!" అని అక్కణ్ణుంచే అరుస్తున్నాడు. ఆ ప్యాసింజర్లు ఆయన్ని తిట్టే తిట్లు మాకు ఒడ్డుకు వినబడుతున్నాయి.

"మావయ్యా, ఈయన తనిఖీ మనిషి కాదు!" అని నేను అరిచాను. "నువ్వు చదువుకున్నదానివమ్మా, నీకు తెలీదు!" అని జవాబొచ్చింది. దొర రేవు మెట్ల మీద, మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయి నిలబడ్డాడు. అన్ని దేశాలు దాటి వచ్చి, పొద్దున్న ఎక్కి దిగినదాన్నే అందుకోలేకపోతున్నాడు. మధ్యమధ్యలో వాచీ చూసుకుంటున్నాడు. రైలు పోతుందేమోనని నాకు భయం. దానికంటే, ఇంత జరిగాక ఆయన ఊరికే వెళ్ళిపోతాడేమోనని ఎక్కువ భయం.

అప్పుడు టీచరు గారు ముందుకొచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఒక్కసారి పిలిచారు. పేరు పెట్టి కాదు, "ఒరేయ్, వెనక బెంచీ!" అని. అంత గొంతు ఆవిడలో ఇంకా ఉందని ఆవిడకే తెలిసుండదు. నది మీద ఆ మాట అవతలికి పోయి తగిలినట్టే అనిపించింది. సరంగు మావయ్య లేచి నిలబడి, తలపాగా తీసి, "వచ్చేత్తన్నానండీ టీచరు గారూ!" అన్నాడు. మారు మాట్లాడకుండా లంగరు పైకొచ్చింది.

లాంచిలో అడుగున పరిచిన చెక్కలు తీసేశారు. దొర చొక్కా చేతులు మడిచి, డీజిలు కలిసిన నీళ్ళలోకి దిగి, తారూ రంగూ పేరుకుపోయిన ఇనప గోడను జేబులోని చిన్న కత్తితో గీకసాగాడు. సరంగు మావయ్య "నా లాంచికి చిల్లు పడిపోద్దండీ" అని గుండెలు బాదుకుంటున్నాడు. కాసేపటికి గీకిన చోట గుండ్రటి ఇనప బొడిపెలు వరసగా బయటపడ్డాయి. ఆయన వాటి మీద అరచెయ్యి ఆనించి కదలకుండా కూర్చుండిపోయాడు. ఆ తర్వాత తల ఎత్తి నన్ను చూసి నవ్వాడు. ముఖమంతా నల్లటి నూనె, అందులో నీటి చారలు.

అప్పుడు చెప్పాడు. ఆయన ఊళ్ళోని ఓడల కార్ఖానాలో పెద్ద పెద్ద ప్రయాణికుల ఓడలు ఎప్పుడూ కట్టలేదట. పక్క ఊళ్ళవాళ్ళు రాజులు ఎక్కే ఓడలు కట్టి గొప్పలు చెప్పుకుంటుంటే, వీళ్ళు మట్టి తోడేవి, బరువు లాగేవి, రేవులు దాటించేవి కట్టేవారట. అక్కడే ఒకసారి అంతా బిగించి, సరిచూసి, మళ్ళీ ముక్కలకు ముక్కలు విప్పి, గుర్తులు వేసి, పెట్టెల్లో పెట్టి దేశదేశాలకు పంపేవారు. అక్కడివాళ్ళు ఆ గుర్తులు చూసుకుని నది ఒడ్డున మళ్ళీ బిగించుకునేవారు. ఆయన తండ్రి ఆ కార్ఖానాలో, ఇందాక బయటపడ్డ ఆ బొడిపెల మేకుల్ని ఎర్రగా కాల్చి దిగ్గొట్టే పనివాడు. తను కట్టిన ఓడ ఒక్కటి కూడా నీళ్ళమీద నడవడం ఆ తండ్రి చూడలేదు, అన్నీ పెట్టెల్లో వెళ్ళిపోయేవే. కార్ఖానా మూతపడింది, తండ్రి పోయాడు. ఉద్యోగం అయిపోయాక కొడుకు ఆ ఓడల్ని వెతకడం మొదలుపెట్టాడు. ఒకటి బర్మాలో నది అడుగున ఉంది. ఒకటి ఆఫ్రికాలో ఏదో సరస్సు ఒడ్డున కోళ్ళగూడయింది. మిగిలినవన్నీ పాత ఇనుములో కలిసిపోయాయి. "పని చేస్తూ కనబడింది ఇదొక్కటే" అన్నాడు.

అది నేను తెలుగులో చెప్పగానే సరంగు మావయ్యకు తనిఖీ భయం ఎటు పోయిందో పోయింది. "అయితే ఒక్క ట్రిప్పు ఏసొద్దామండీ" అని తనే ఇంజను తిప్పాడు. మా అందరి గుండెల మీంచీ పెద్ద బరువు దిగినట్టయింది. దొరా టీచరు గారూ ముందు వైపు బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరి భాషకూ మధ్య నేనక్కర్లేదని అప్పుడే తెలిసింది. ఆవిడ లంక వైపు వేలు చూపిస్తున్నారు, ఆయన తల ఊపుతున్నాడు. వరద రోజున బోటు ఎటు నుంచి ఎటు వచ్చిందో చెబుతున్నారని నేననుకుంటాను. నేను మాత్రం మధ్యలోకి వెళ్ళలేదు.

అవతలి ఒడ్డున కారు ఎక్కించి పంపించాం. రైలు అందిందని కొన్నాళ్ళకు టీచరు గారికి కార్డు వచ్చింది. తిరుగు ప్రయాణంలో నాన్నా నేనూ లాంచిలో వెనక కూర్చున్నాం. నాన్న నా వైపు తిరిగి, "ఆయన మాట్లాడింది నీకు మొదట్నుంచీ అర్థం కాలేదు కదూ?" అన్నారు. "లేదు నాన్నా" అన్నాను. తిడతారనుకున్నాను. "అర్థమైపోయుంటే తిన్నగా రేవుకి తీసుకొచ్చేసేదానివి. ఇక్కడ మార్గరెట్టు బోటంటే ఎవడికి తెలుసు? అలాంటి బోటు లేదని చెప్పి పంపించేసేవోళ్ళం" అన్నారు. అన్నాక కొంచెం ఆగి, "అయినా ప్లేట్లేంటే తల్లీ" అని, నవ్వాపుకోలేక తుండు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకూ నవ్వొచ్చింది. ఆ రోజంతా బిగబట్టుకున్న ఊపిరి ఆ నవ్వుతోనే వదిలాను.

కొన్నేళ్ళకు ఆ రేవులో వంతెన వచ్చింది. లాంచిని కింద లంకలవాళ్ళు కొబ్బరికాయల రవాణాకు కొనుక్కున్నారు. ఆ తర్వాత దాని కబురు నాకు తెలియదు. టీచరు గారు పోయారు, నాన్నా పోయారు. నేను అమలాపురంలో కాలేజీ లెక్చరరునై, ఏ దేశం వాళ్ళ ఇంగ్లీషునైనా విని అర్థం చేసుకునే స్థితికి వచ్చాను. ఈ మధ్య మా కాలేజీకి ఒక విదేశీ ప్రొఫెసరు గారు వచ్చి ఉపన్యాసమిచ్చి, ఎవరైనా ఏమైనా అడగండి అన్నారు. హాలు నిండా ఇంగ్లీషు వచ్చినవాళ్ళమే. ఒక్కరమూ నోరు విప్పలేదు. నాకూ ఒకటి అడగాలనే ఉంది గానీ, వాక్యాన్ని మనసులో అటు సర్ది, ఇటు సర్ది, తప్పులేకుండా తయారుచేసుకునేసరికి ఆయన లేచి వెళ్ళిపోయారు. ఖాళీ అయిన హాల్లో కూర్చుని, ఇరవై రెండేళ్ళ ఆ టీచరమ్మను తలుచుకున్నాను. ఆ పిల్లే గనక అక్కడుంటే, ఏమీ అర్థంకాకపోయినా, మొదటి వరసలోంచి లేచి ఏదో ఒకటి అడిగేసి ఉండేది.